ఏలియన్ సినిమాల్లోంచి పనివాళ్ళు ఎప్పుడు మాయమయ్యారు?

హనుమకొండలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగ్ చదువుతున్న ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది: "అన్నా, హాలీవుడ్ హారర్ సిరీస్ ఏలియన్‌లో మొదటి రెండు సినిమాలు రూమ్‌లో అందరం కలిసి చూశాం. ఒక్కడు కూడా ఫోన్ ముట్టుకోలేదు. మూడోది మొదలైన కాసేపటికే అందరికీ కోపం వచ్చింది. అదే సిరీస్‌లో తర్వాత తీసిన ప్రొమీథియస్‌కి వచ్చేసరికి సగం మంది నిద్రపోయారు. డబ్బు పెరిగింది, గ్రాఫిక్స్ పెరిగాయి, మొదటి సినిమా డైరెక్టరే మళ్ళీ వచ్చి తీశాడు. అయినా సిరీస్ ఎందుకు చెడింది? ఆ జంతువు పాతబడిపోవడమేనా కారణం?"

మంచి ప్రశ్న అడిగావు తమ్ముడూ. కాస్త పెద్దగానే చెప్తాను. నేను మొదట గోదావరిఖనిలో, తర్వాత వరంగల్‌లో సినిమా హాళ్ళలో ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా చాలా ఏళ్ళు పనిచేశాను. రీళ్ళు పోయి డిజిటల్ వచ్చాక ఆ పని మానేశాను. ఇప్పుడు కొంతమందిమి కలిసి ఆదివారాలు సినిమాలు వేసుకుని, వాటి గురించి మాట్లాడుకుంటున్నాం. ఆపరేటర్ ఒకే సినిమాని వారాల తరబడి వేస్తాడు కాబట్టి కొన్నాళ్ళకి తెర చూడటం మానేసి, కిటికీలోంచి జనాన్ని చూడటం మొదలుపెడతాడు. ఎక్కడ దగ్గుతున్నారు, ఎక్కడ కుర్చీలో కదులుతున్నారు, ఎక్కడ గాలి కూడా పీల్చకుండా కూర్చున్నారు, ఇవన్నీ తెలుస్తాయి. హారర్ సినిమా గురించి నాకు తెలిసినదంతా అలా నేర్చుకున్నదే.

జంతువు పాతబడిందనే మాట చాలామంది అంటారు. నేను ఒప్పుకోను. ఆ సినిమాల్లోంచి పనిచేసుకుని బతికే మనుషులు ఒక్కొక్కరే మాయమయ్యారు. వాళ్ళతో పాటే భయమూ పోయింది. నా సమాధానమంతా దీని చుట్టూనే ఉంటుంది.

1979లో వచ్చిన మొదటి సినిమా మొదటి గంట ఇంకోసారి చూడు. నోస్ట్రోమో అనే ఆ నౌక రెండు కోట్ల టన్నుల ఖనిజాన్ని, దాన్ని శుద్ధి చేసే ప్లాంటుతో సహా, వెనక లాక్కుంటూ భూమికి తిరిగొస్తున్న సరుకు బండి. ఏడుగురు సిబ్బంది, ఒక పిల్లి. సుదీర్ఘ నిద్రలోంచి లేచి టిఫిన్ బల్ల దగ్గర కూర్చోగానే ఇంజిన్ పనివాళ్ళు పార్కర్, బ్రెట్ ఎత్తుకున్న మాట బోనస్ సంగతి. మాకు మీకన్నా తక్కువ వాటా ఎందుకని అడుగుతారు. కెప్టెన్ డల్లాస్ కాంట్రాక్టులో ఎంత రాసి ఉంటే అంతే వస్తుందని దాటేస్తాడు. దారిలో ఏదో గ్రహం నుంచి సిగ్నల్ వచ్చినప్పుడు పార్కర్ అభ్యంతరం చెప్తాడు, మాది సరుకు బండి, కాపాడే బండి కాదు అని. అప్పుడు యాష్ అనే సైన్స్ ఆఫీసర్ కాంట్రాక్టులోని ఒక నిబంధన చదివి వినిపిస్తాడు: ఇలాంటి సిగ్నల్ వస్తే వెళ్ళి చూడాల్సిందే, వెళ్ళకపోతే మొత్తం వాటా పోతుంది. వాళ్ళు ఆ గ్రహం మీద దిగింది అందుకు. సాహసం కోసమో, జ్ఞానం కోసమో దిగలేదు. జీతం పోతుందని దిగారు.

ఇంకో చిన్న సీను ఉంది, చాలామంది గమనించరు. దిగేటప్పుడు నౌక దెబ్బతింటుంది. రిపేరుకి ఎంత టైమ్ పడుతుందని నౌకలో ఆఫీసర్‌గా ఉన్న రిప్లీ అడిగితే, పదిహేడు గంటలు అని బ్రెట్ అనుకుంటాడు, కనీసం ఇరవై ఐదు గంటలని పార్కర్ పైకి చెప్తాడు. ఆమె కిందికి వచ్చి మాట్లాడుతుంటే ఆవిరి బుస్సుమంటూ ఉంటుంది, ఒకరి మాట ఒకరికి సరిగా వినబడదు. ఆమె విసుక్కుని వెళ్ళిపోగానే పార్కర్ చెయ్యి చాపి వాల్వు తిప్పేస్తాడు, ఆవిరి ఆగిపోతుంది. ఇంతే సీను. ఇందులో భయం లేదు, కథ ముందుకి కదలదు. కానీ పైఆఫీసర్‌తో ఎలా మసలుకోవాలో ఏళ్ళ తరబడి నేర్చుకున్న మనిషి చెయ్యి అది. ఆ చెయ్యి చూశాక పార్కర్ మనకి తెలిసినవాడైపోతాడు. తర్వాత అతను చచ్చిపోయినప్పుడు సినిమాలో ఒక పాత్ర తగ్గినట్టు ఉండదు, మన షిఫ్టులో ఒక మనిషి తగ్గినట్టు ఉంటుంది.

ఈ సినిమాని ఒకసారి గోదావరిఖనిలో వేశాం. డీవీడీ పెట్టి, అవసరమైన చోట నేను తెలుగులో చెప్తూ. వచ్చినవాళ్ళలో రిటైరైన బొగ్గుబాయి కార్మికులు చాలామందే ఉన్నారు. దసరా ముందు లాభాల బోనస్ ఎంత శాతం ప్రకటిస్తారా అని కోల్‌బెల్ట్ అంతా ఎదురుచూసే ఊరు అది. బోనస్ సీను రాగానే హాలంతా నవ్వు, నేను చెప్పకముందే అర్థమైపోయింది. నాకు ఇప్పటికీ గుర్తుండిపోయింది మాత్రం వేరే సీను. గ్రహం మీద బయటికి వెళ్ళిన సిబ్బందిలో కేన్ అనేవాడి మొహానికి గుడ్డులోంచి వచ్చిన ఒక జీవి కరుచుకుని ఉంటుంది. డల్లాస్, లాంబర్ట్ అతన్ని మోసుకొచ్చి తలుపు తియ్యమంటారు. రిప్లీ తియ్యనంటుంది, క్వారంటైన్ రూల్ ప్రకారం ఇరవై నాలుగు గంటలు ఆగాలంటుంది. మామూలుగా కాలేజీ పిల్లలకి ఈ సినిమా వేస్తే ఇక్కడ రిప్లీ మీద కోపం వస్తుంది. అక్కడ మాత్రం ఓవర్‌మ్యాన్‌గా, అంటే బాయిలో కార్మికుల మీద సూపర్‌వైజర్‌గా, చేసి రిటైరైన ఒక కాక గట్టిగా అన్నాడు: "ఆ పిల్ల చెప్పిందే కరెక్ట్. లోపలోళ్ళ పానాలు ఆమె చేతుల ఉన్నయి." అంతలో యాష్ తలుపు తీసేశాడు. "ఎందుకు తీసిండు వాడు?" అని ఆయన లేచి నిలబడ్డాడు. సినిమా అసలు ప్రశ్నని ఆయన యాభై నిమిషాల ముందే పట్టుకున్నాడు.

ఎందుకు తీశాడో తర్వాత తెలుస్తుంది. యాష్ మనిషి కాదు, కంపెనీ పెట్టిన యంత్రం. నౌకలోని కంప్యూటర్‌ని రిప్లీ అడిగితే ఉత్తర్వు నంబర్ 937 తెరమీదికి వస్తుంది: ఆ జీవిని తీసుకురావడమే ముఖ్యం, మిగతా విషయాలన్నీ తర్వాతే, సిబ్బంది పోయినా ఫర్వాలేదు. నేను ఎన్నిసార్లు చూసినా ఆ సినిమాలో నన్ను వణికించేది ఆ తెర మీది అక్షరాలే. జంతువుకి ఎవరి మీదా పగ లేదు, అది దాని బతుకు అది బతుకుతోంది. ఏడుగురి ప్రాణాలకి ధర కట్టి, ఆ ధర తక్కువని తేల్చినవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళ మొహం సినిమాలో ఎక్కడా కనిపించదు, వాళ్ళని అందరూ "కంపెనీ" అనే అంటారు.

ఇదంతా ఒక్క మనిషి బుర్రలోంచి వచ్చింది కాదు. కథ డాన్ ఒబానన్, రోనాల్డ్ షుసెట్‌లది. గుడ్డు, మొహానికి అంటుకునేది, ఛాతీ చీల్చుకొచ్చేది, ఆ క్రమమంతా వాళ్ళదే. యాష్ పాత్రని చేర్చింది నిర్మాతలు వాల్టర్ హిల్, డేవిడ్ గైలర్. స్క్రిప్టు తిరగరాసి, మాటల్ని పొడిగా, పనివాళ్ళ మాటల్లా మార్చింది కూడా వాళ్ళే. ఒబానన్ స్క్రిప్టులో ఇంకో మంచి పని చేశాడు: ఈ పాత్రల్ని మగవాళ్ళయినా ఆడవాళ్ళయినా వెయ్యొచ్చని రాసిపెట్టాడు. అందుకే రిప్లీ ఎవరికీ భార్యగానో ప్రియురాలిగానో కథలోకి రాదు. ఆమె అక్కడ డ్యూటీలో ఉన్న ఒక ఆఫీసర్, అంతే. 1977లో స్టార్ వార్స్ ఆడకపోతే ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్ ఈ కథని ముట్టుకునేదే కాదు. డైరెక్టర్ రిడ్లీ స్కాట్ గీసి చూపించిన స్టోరీబోర్డులు చూసి బడ్జెట్‌ని 42 లక్షల డాలర్ల నుంచి రెట్టింపు చేశారు.

ఇక జంతువు. స్విట్జర్లాండ్ చిత్రకారుడు హెచ్. ఆర్. గీగర్ రూపం ఇచ్చాడు. లోపల ఉన్నది బొలాజి బడేజో అనే నైజీరియా యువకుడు, దాదాపు ఏడడుగుల మనిషి, సన్నగా పొడవాటి కాళ్ళూ చేతులూ. స్కాట్ అతన్ని ఎక్కడా నిలువునా, తీరిగ్గా చూపించలేదు. దవడ, తల వెనక భాగం, వేలాడుతున్న గొలుసుల మధ్య కదిలే ఏదో ఒకటి, అంతే. సినిమా మొత్తంలో అది తెరమీద ఉండేది కొద్ది నిమిషాలే. దాదాపు గంట గడిచేదాకా జీవి ఛాతీ చీల్చుకుని బయటికొచ్చే సీను రాదు. ఆ గంటంతా మనుషుల్ని పరిచయం చెయ్యడానికే వాడుకున్నారు. తర్వాతి సినిమాలు తీసినవాళ్ళు ఆ గంటని ఖాళీ సమయం అనుకున్నారు.

1986లో జేమ్స్ కామెరాన్ తీసిన ఏలియన్స్ ఎందుకు నిలబడిందో చూడు. పైకి అది పూర్తిగా వేరే సినిమా. తుపాకులు, సైనికులు, గుంపులు గుంపులుగా జంతువులు. కానీ మనుషుల దగ్గర మాత్రం కామెరాన్ దారి మార్చలేదు. యాభై ఏడేళ్ళ నిద్ర తర్వాత రిప్లీ దొరుకుతుంది. విచారణ పెట్టి ఆమె లైసెన్సు తీసేస్తారు. ఆమె సరుకు డాక్‌లో లోడర్, అంటే బరువులెత్తే యంత్రం, నడిపే పనిలో చేరుతుంది. సైనికుల నౌకలో నేనేం చెయ్యగలను అని అడిగి, ఆ లోడర్ నడపడం నాకొచ్చు అని ఎక్కి పెట్టె ఎత్తి చూపిస్తుంది. చివర్లో రాణి జంతువుతో కొట్లాడేది దాంతోనే. తుపాకులన్నీ అయిపోయాక, సైనికులు దాదాపు అందరూ పోయాక, ఆమె దగ్గర మిగిలిన ఆయుధం ఆమె పని. ఆ క్లైమాక్స్‌లో నాకు తెలిసి ఏ హాల్లోనూ జనం మామూలుగా కూర్చోలేదు. కంపెనీ కూడా అలాగే ఉంది, ఈసారి బర్క్ అనే మొహంతో. కాలనీలో కాపురాలున్న కుటుంబాలకి ఏమీ చెప్పకుండా ఆ చోటుకి వెళ్ళి చూడమని ఉత్తర్వు పంపింది అతనే. వాళ్ళంతా చచ్చాక కూడా జీవిని ఎలా తీసుకెళ్ళాలా అనే చూస్తాడు. సైనికులు కూడా పనివాళ్ళే అక్కడ. తిండి బాలేదని సణుగుతారు, కొత్త ఆఫీసర్‌ని నమ్మరు.

కామెరాన్ రహస్యం కొంత విప్పాడు కూడా. గుడ్లు ఎవరు పెడతారనే ప్రశ్నకి రాణిని చూపించి జవాబు చెప్పాడు. దాంతో భయం తగ్గలేదు, ఎందుకంటే పిల్లని కాపాడుకునే ఇద్దరు తల్లుల కథ అయింది అది. రహస్యం విప్పడమే తప్పని చాలామంది అంటారు, కానీ ఈ సినిమా చూశాక ఆ మాట నిలబడదు. విప్పిన జవాబు మనుషుల కథకి పనికొచ్చిందా లేదా అన్నది చూడాలి.

ఇప్పుడు నీ రూమ్‌లో అందరికీ కోపం తెప్పించిన మూడోది. 1992. రెండో సినిమాలో రిప్లీ ప్రాణాలకి తెగించి కాపాడిన చిన్నపిల్ల న్యూట్, ఆమెకి తోడు నిలిచిన హిక్స్, ఇద్దరూ టైటిల్స్ పడుతుండగానే చచ్చిపోతారు. పిల్ల నీళ్ళలో మునిగి, అదీ నిద్రలోనే. మీ కోపం న్యాయమైనదే. ఇది విషాదం ఎక్కువై వచ్చిన కోపం కాదు. రెండో సినిమా చూసేటప్పుడు మన దగ్గర తీసుకున్న రెండు గంటల ప్రాణభయాన్ని, ఆ పిల్ల బతికితే చాలన్న కోరికని, చెల్లనిదిగా చేసేశారు. ఇకముందు ఈ సిరీస్‌లో ఎవరి మీదా ప్రేమ పెట్టుకోవద్దని ప్రేక్షకుడికి చెప్పినట్టయింది. హారర్ సినిమాకి అంతకన్నా నష్టం ఉండదు. ఎవరి మీదా ప్రేమ లేకపోతే ఎవరికి ఏమవుతుందోనన్న భయం ఎక్కడినుంచి వస్తుంది?

దీని వెనక కారణం కథలో లేదు, ఆఫీసులో ఉంది. సినిమా విడుదల ఎప్పుడో ముందే అనుకున్నారు, స్క్రిప్టు తయారుగా లేదు. రచయితలు మారారు, డైరెక్టర్లు మారారు. న్యూజిలాండ్ దర్శకుడు విన్సెంట్ వార్డ్ చెక్కతో కట్టిన ఒక గ్రహం, దానిమీద సన్యాసుల మఠం అనే కథ అనుకున్నాడు. సెట్ల పని కూడా మొదలైంది. తర్వాత అతను వెళ్ళిపోయాడు. ఆ మఠాన్నీ, డేవిడ్ టూహీ రాసిన జైలు కథనీ కలిపి అతికించారు. అప్పటికి మ్యూజిక్ వీడియోలు, యాడ్‌లు తప్ప సినిమా తియ్యని డేవిడ్ ఫించర్ చేతిలో పెట్టారు. ఇరవైల్లో ఉన్న కుర్రాడు. స్క్రిప్టు పూర్తికాకుండానే 1991లో షూటింగ్ మొదలైంది. సినిమా అయ్యాక ఫించర్ దాన్ని తనదిగా చెప్పుకోలేదు. 2003లో ఫాక్స్ ఆ సినిమాకి నిడివి పెంచిన ఇంకో కూర్పు, అసెంబ్లీ కట్, తయారుచేసినప్పుడు కూడా అతను చెయ్యి పెట్టలేదు.

అయినా ఆ సినిమాని నేను పూర్తిగా కొట్టిపారెయ్యను. ఖైదీలు, కొలిమి, సీసం పని, చేతిలో ఒక్క తుపాకీ లేని మనుషులు. న్యూట్, హిక్స్‌ల శవాల్ని కొలిమిలోకి వదులుతుంటే డిల్లన్ అనే ఖైదీ నాలుగు మాటలు మాట్లాడతాడు, అదే సమయంలో ఇంకోచోట ఆ జీవి పుడుతుంటుంది. రెండింటినీ ఒకదాని పక్కన ఒకటి కత్తిరించి చూపించిన తీరు చూస్తే, తర్వాత ఫించర్ అంత పెద్ద దర్శకుడు ఎలా అయ్యాడో తెలుస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, ఆ ఖైదీలంతా గుండుతో, ఒకే రంగు బట్టల్లో ఉంటారు. డిల్లన్, డాక్టర్ క్లెమెన్స్ తప్ప ఎవరెవరో గుర్తుపట్టేసరికి చచ్చిపోతారు. ఇంజిన్ రూమ్ వాల్వు లాంటి సీను వాళ్ళలో ఎవరికీ దొరకలేదు.

1997లో వచ్చిన నాలుగోది, రిసరెక్షన్. మూడోదాని చివర రిప్లీ కొలిమిలోకి దూకి చనిపోయింది. ఆ చావు నచ్చినా నచ్చకపోయినా ఒక చావు. రెండువందల ఏళ్ళ తర్వాత ఆమె రక్తంలోంచి క్లోన్ చేసి తీసుకొచ్చారు. అప్పుడు ఆ త్యాగానికీ విలువ లేకుండా పోయింది. డైరెక్టర్ జాన్ పియెర్ జూనే మంచి కళాకారుడు, నీళ్ళలో ఈదే సీను ఇప్పటికీ బాగుంటుంది. తనకన్నా ముందు చేసి చెడిపోయిన ఏడు క్లోన్లని ఎనిమిదో రిప్లీ ఒక గదిలో చూసే సీను ఉంది, ఆ సినిమాలో మనసుని తాకే చోటు అదొక్కటే అనుకుంటారు చాలామంది. నాకు ఇంకొకటి ఉంది. పర్విస్ అని ఒక మనిషి. నికెల్ రిఫైనరీలో పనికి వెళ్తూ నౌకలో నిద్రపోయాడు. లేచేసరికి అతన్ని అమ్మేశారు, కడుపులో జీవిని పెట్టేశారు. నాలో ఏముంది అని భయంగా అడుగుతాడు. చివరికి తనని ఇలా చేసిన శాస్త్రవేత్తని పట్టుకుని, ఛాతీకి అదుముకుని, ఇద్దరూ కలిసి చచ్చేలా చేస్తాడు. మొదటి సినిమా ఏ కోపం మీద నిలబడిందో ఆ కోపం ఈ మనిషిలో ఉంది. సినిమాకి అతను కథానాయకుడు అవ్వాల్సింది. పది నిమిషాల పాత్ర చేసి పక్కన పెట్టారు.

ప్రిడేటర్ అనే ఇంకో సిరీస్‌లోని జీవితో కలిపి తీసిన రెండు సినిమాల గురించి, 2004లో ఒకటి, 2007లో ఒకటి, ఎక్కువ చెప్పేదేం లేదు. జంతువు ఉంటే చాలు సినిమా అయిపోతుందనే నమ్మకంతో తీసినవి. రెండోదైతే ఎంత చీకటిగా తీశారంటే ప్రొజెక్టర్ ల్యాంపు పోయిందేమోనని ఆపరేటర్లు అనుమానపడాల్సిన పరిస్థితి.

ప్రొమీథియస్ దగ్గర ఆగాలి, ఎందుకంటే నీ ప్రశ్నలో అసలు ముడి ఇక్కడే ఉంది: పాత డైరెక్టరే వచ్చాడు కదా అని. 1979 సినిమాలో, గుడ్లు దొరికే నౌకలో, ఒక కుర్చీలో శిలాజంలా అయిపోయిన పెద్ద ఆకారం ఉంటుంది. ఏనుగు తొండం లాంటి మొహం, లోపలినుంచి బయటికి విరిగిన పక్కటెముకలు. ఆ సెట్ ఇంకా పెద్దగా కనబడాలని స్కాట్ తన పిల్లలకే చిన్న సైజు స్పేస్‌సూట్లు తొడిగి, దూరపు షాట్‌లో నటుల బదులు నడిపించాడు. దాని గురించి సినిమా ఒక్క ముక్క కూడా చెప్పదు. ఆ మనుషులకి దాన్ని ఆలోచించే తీరిక లేదు, జీతం కోసం వచ్చారు, చూశారు, ముందుకి నడిచారు. మనం మాత్రం ఏళ్ళ తరబడి దాని గురించే ఆలోచించాం.

2012లో దానికి జవాబు చెప్పారు. ఆ తొండం హెల్మెట్ అట. లోపల తెల్లటి పెద్ద మనిషి ఉన్నాడట, మనుషుల్ని సృష్టించింది వాళ్ళేనట. పోనీ, రాణి విషయంలో లాగా ఈ జవాబు ఎవరి కథకైనా పనికొచ్చిందా? ఆ నౌకలో వెళ్ళినవాళ్ళు శాస్త్రవేత్తలు. మనల్ని ఎవరు పుట్టించారని అడగడానికి వెళ్ళారు. వాళ్ళకి ఖర్చుపెట్టిన ముసలి కోటీశ్వరుడికి చావకుండా ఉండాలని కోరిక. ఇంత పెద్ద ప్రశ్నల మధ్య ఆకలీ జీతం అలసట ఉన్న మనిషి ఎవడూ లేడు. కెప్టెన్ జానెక్ ఒక్కడు, దిగకముందే క్రిస్మస్ చెట్టు పెట్టుకునే మనిషి, పాత నోస్ట్రోమో వాసన ఉన్నవాడు. అతన్ని డ్రైవర్ సీట్లోనే ఉంచేశారు. సొరంగాలకి మ్యాపు తీసే భూగర్భ శాస్త్రవేత్తే దారి తప్పుతాడు. జీవశాస్త్రవేత్త పాములా పడగెత్తిన దాన్ని ముద్దు చేస్తాడు. తెలివితక్కువ పనులని జనం నవ్వారు. మనుషులు తెలివితక్కువ పనులు చేస్తారు, మొదటి సినిమాలో బ్రెట్ పిల్లి కోసం ఒంటరిగా వెళ్ళడం మాత్రం తెలివైన పనా? కానీ బ్రెట్ ఎలాంటివాడో మనకి అప్పటికే తెలుసు. అలసిపోయి, చెప్పిన పని చేసేసి వద్దామని వెళ్ళాడు. వీళ్ళ గురించి మనకి ఏమీ తెలియదు కాబట్టి వాళ్ళ తప్పు రచయిత తప్పుగా కనబడుతుంది.

అందుకే పాత డైరెక్టర్ తిరిగి రావడం సరిపోలేదు. మొదటి సినిమాకి స్కాట్ ఇచ్చింది కన్ను. మనుషుల్ని ఇచ్చింది హిల్, గైలర్, ఆ ఏడుగురు నటులు. ప్రొమీథియస్‌లో కన్ను అలాగే ఉంది, ఆ మొదటి దృశ్యంలో ఐస్‌లాండ్ జలపాతం చూడు, ఎవరు తీయగలరు అలా. మనుషులే లేరు.

2017 నాటి కవనెంట్‌లో మూడో సినిమా దెబ్బే మళ్ళీ తిన్నాం. ప్రొమీథియస్‌లో అన్ని కష్టాలు పడి బతికి బయటపడిన ఎలిజబెత్ షా రెండు సినిమాల మధ్యలో ఎక్కడో చచ్చిపోయిందని తెలుస్తుంది. పైగా ఆ జీవిని తయారుచేసింది డేవిడ్ అనే రోబో అని చెప్పారు. ఎక్కడిదో, ఎప్పటిదో తెలియని ఒక ప్రాణి ఒక యంత్రం చేసిన ప్రయోగం అయిపోయింది. నౌకలో రెండువేల మంది వలస కుటుంబాల మనుషులు నిద్రపోతూ ఉంటారు, వాళ్ళ గురించి సినిమాకి అక్కర్లేదు. ఆ రోబో పాత్ర వేసిన మైకేల్ ఫాస్‌బెండర్ నటన గొప్పది, అది నేను కాదనను. సినిమా మొత్తం రోబో వైపు ఒరిగిపోవడానికి అది కూడా ఒక కారణం. ప్రొమీథియస్ ప్రపంచవ్యాప్తంగా 40 కోట్ల డాలర్లు వసూలు చేస్తే ఇది 24 కోట్ల దగ్గర ఆగింది.

నా మాటకి పెద్ద ఋజువు 2024లో వచ్చిన రొమ్యులస్. ఫెడె అల్వరెజ్ తీశాడు. మొదటి అరగంట చూడు. ఎండ పడని గనుల కాలనీ. రెయిన్ అనే అమ్మాయి తల్లిదండ్రులు గని జబ్బుతో పోయారు. తన పని గంటలు పూర్తయ్యాయి, నన్ను వదిలెయ్యండి అని ఆఫీసు కౌంటర్‌కి వెళ్తుంది. కౌంటర్‌లో ఉన్నామె కంప్యూటర్ చూసి, కోటా పెంచారు, 24,000 గంటలు చెయ్యాలి, ఇంకో ఐదారేళ్ళు పడుతుంది అంటుంది, మామూలు గొంతుతో. మా ఆదివారం గుంపులో ఆ సీను అయ్యాక ఎవరూ మాట్లాడలేదు. జంతువు ఇంకా రానే లేదు, అందరికీ టెన్షన్ మొదలైంది. 45 ఏళ్ళ తర్వాత కూడా ఆ జంతువు భయపెట్టింది, ఎందుకంటే దాని ముందు నిలబడిన పిల్లలకి వెనక్కి వెళ్ళే చోటు లేదు. దాదాపు 8 కోట్ల డాలర్లతో తీస్తే 35 కోట్లు వచ్చాయి.

రెండో సగంలో మాత్రం పాత సినిమాల్లోని డైలాగులు తెచ్చి కొత్తవాళ్ళ నోట పెట్టారు, మొదటి సినిమాలో యాష్‌గా చేసి, 2020లో చనిపోయిన ఇయాన్ హోమ్ మొహాన్ని కంప్యూటర్‌తో తెచ్చి యాష్ లాంటి రోబోకి అతికించారు, చివర రిసరెక్షన్‌లో లాగా మనిషీ జంతువూ కలిసిన సంకర జీవిని మళ్ళీ దింపారు. ఇవి వచ్చినప్పుడల్లా నేను పక్కవాళ్ళ మొహాలు చూశాను. నవ్వారు, గుర్తుపట్టామన్నట్టు తలూపారు. భయం మాత్రం ఆ నిమిషానికి పోయింది.

ప్రతిసారీ డైరెక్టర్ మారడమే కారణమని కొందరు అంటారు. నేను ఒప్పుకోను. ఆ సిరీస్ అంతకాలం బతికిందే అందువల్ల. స్కాట్ సినిమాని కామెరాన్ మళ్ళీ తీసి ఉంటే రెండో సినిమాతోనే ఆగిపోయేది. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారినప్పుడు ముందువాళ్ళు ఎవరిని బతికించారో వాళ్ళని గౌరవించాలి, అంతే. కామెరాన్ రిప్లీని గౌరవించాడు. తర్వాత స్టూడియో న్యూట్‌ని గౌరవించలేదు.

సెలవుల్లో మిగతావి చూడాలనుకుంటే ఇలా చెయ్యి. మూడోది అసెంబ్లీ కట్ దొరికితే అదే చూడు, థియేటర్లో వచ్చినదానికన్నా ఖైదీలు కొంచెం మనుషుల్లా ఉంటారు. రిసరెక్షన్‌లో పర్విస్ కోసం ఓపిక పట్టు. ప్రొమీథియస్‌ని ఏలియన్ సినిమా అనుకోకుండా, మిగతావాటితో పోల్చకుండా చూస్తే నిద్ర రాదు. ప్రిడేటర్‌వి రెండూ వదిలెయ్. రొమ్యులస్ మాత్రం లైట్లు ఆపి, మంచి స్పీకర్లతో, మొదటి సినిమా చూసిన మర్నాడే వేసుకోండి. కౌంటర్ సీను దగ్గర ఎవరు ఫోన్ తీశారో చూసి నాకు రాయి.